మూసిపెట్టిన త్రాసు

నౌపడ పఠనమందిరమున సభికుల యెదుట చదివిన ఉపన్యాసము



ఈ యూరి పేరు చెప్పగానే దూరపువారికి స్ఫురించునది ఉప్పు. సముద్రపు పాయనుండి వచ్చిన నీటిని మళ్ళలో నింపి, యెండకు చిక్కబరచి, పక్వమును కొలిచి చూచి, మడినుండి మడికి మళ్ళించి, తెల్లని రాశులుగా పోయు విద్య మీ తాతముత్తాతల నాటిది. ఆ విద్యలో గ్రుడ్డినమ్మకమునకు చోటు లేదు. నీరు పక్వమైనదని యొకడు చెప్పినంతమాత్రమున పనివాడు నమ్మడు, కొలిచి చూచును. కొఠారులో తూకము సరియని గుమాస్తా చెప్పినంతమాత్రమున ఉప్పురైతు నమ్మడు. త్రాసు ముల్లు తన కన్నులకు కనబడవలయును. త్రాసుపై గుడ్డ కప్పి, తూకము సరిగానే యున్నది, మీరు చూడనక్కరలేదని వర్తకుడు పలికెనేని, ఆ కొట్టు మెట్టు మరల నెవ్వరును ఎక్కరు.

ఐనను, మహాశయులారా! అట్టి గుడ్డ కప్పిన త్రాసు నొకదానిని మనలో ప్రతివాడును జేబులో పెట్టుకొని తిరుగుచున్నాడు. అది సెల్‌ఫోను. వేరావలు రేవునకు వేటపనికై పోయిన కొడుకు తల్లితో మాటాడుట దానిలోనే. ఆతడు పంపిన సొమ్ము బ్యాంకులో పడినదను కబురు దానిలోనే. ఆ సొమ్మును తీయుటకు కావలసిన ఆరంకెల రహస్యసంఖ్య వచ్చుటయు దానిలోనే. ఈ మాటలు, ఈ సొమ్ము, ఈ సంఖ్యలు గాలిలో ప్రయాణము చేయునపుడు వానికి కాపలా యేది? ఆ కాపలా గట్టిదో వట్టిదో పరీక్షించిన వారెవరు? పరీక్షించు హక్కు మనకు కలదా? నేటి మా ప్రసంగమునకు ఇదియే విషయము. మేము యంత్రశాస్త్రజ్ఞులము కాము. చదివి తెలిసికొన్నదానిని సాటి పౌరులకు విన్నవించు పత్రికవారము మాత్రమే.

మొదట ఫోను మాటాడు విధమును చెప్పుదము. మన పలుకు ఫోనులో అంకెలుగా మారి, రేడియో తరంగమై టవరును చేరును. టవరునుండి కంపెనీవారి తీగెలగుండ పోయి, రెండవ కొనయందలి టవరునుండి మరల తరంగమై యవతలివాని ఫోనును చేరును. తరంగమునకు ప్రహరీగోడ లేదు. దగ్గరలో తగిన యంత్రమున్న ప్రతివాడును దానిని పట్టవచ్చును. అందుచేత ఫోనును, టవరును ఒక తాళపుచెవిని రహస్యముగా నేర్పరచుకొని, అంకెలను గూఢలిపిలోనికి మార్చి పంపును. చెవి లేనివానికి అది వట్టి గందరగోళము. ఈ గూఢలిపియే మన మాటకు తాళము.

తంతి దినములలో ఈ భ్రమ లేదు. టెలిగ్రాము నిచ్చువాడు, దానిని కొట్టు గుమాస్తా చదువునని యెరిగియే యిచ్చెడివాడు. కార్డు వ్రాయువాడు, టపాబంట్రోతు చదువునేమో యని రహస్యములను కవరులో పెట్టెడివాడు. ఫోను విషయమున మనము కార్డు వ్రాయుచు కవరు వ్రాయుచున్నామని భ్రమించుట జరుగుచున్నది. తెలిసి తెరచియుంచుట వేరు. మూసియున్నదని నమ్మి తెరచియుంచుట వేరు. రెండవది మోసపోవుట.

ఐరోపా దేశములలో 1980 దశకమున జీఎస్‌ఎం అను ఫోను పద్ధతిని నిర్మించినపుడు, దాని గూఢలిపి నిర్మాణమును బయటివారికి తెలుపక దాచిరి. దాచుటయే రక్ష యని వారి తలంపు. అంతేకాదు, రెండు తరగతుల తాళములను చేసిరి. ఏ5/1 అనునది గట్టిది. తమకును, తమ మిత్రదేశములకును. ఏ5/2 అనునది బుద్ధిపూర్వకముగా బలహీనపరచినది. పరదేశములకు ఎగుమతి చేయుటకు. తమ యింటికొక తాళము, పొరుగింటికి వేరొక తాళము! పరుల ఏలుబడిలో రెండు తూనికరాళ్ళను చూచిన జాతికి ఈ నీతిని విడమరచి చెప్పనక్కరలేదు. మన దేశమున సెల్‌ఫోను సంభాషణలు 1995లో ఆరంభమైనవి. నాడు మన చేతికి వచ్చిన యంత్రపు తాళము ఏ పాటిదో అడుగుటకు మనకు మార్గము లేకుండెను; ఏలయన నిర్మాణమే రహస్యము.

దాచుట రక్ష కాదని చరిత్ర ముందే చెప్పియుండెను. లండనులో బ్రామా అను తాళపు కంపెనీవారు తమ తాళమును తెరచినవానికి 200 గినీల బహుమానమని అంగడి కిటికీలో ప్రకటన పెట్టిరి. 1851 నాటి మహాప్రదర్శనమునకు వచ్చిన హాబ్స్ అను అమెరికా తాళముల పనివాడు, 16 దినములలో మొత్తము 51 గంటలు శ్రమించి దానిని తెరచి బహుమానమును గైకొనెను. దొంగలకు విద్య నేర్పినాడని కొందరాతనిని నిందించిరి. తాళముల లోపములు దొంగలకు మునుపే తెలియును, తెలియనివారు గృహస్థులే, యని ఆతని పక్షము. తాళములు చేయువారు మాత్రము అటుపిమ్మట మరింత గట్టి తాళములు చేయక తప్పలేదు. 1883లో కెర్కాఫ్స్ అను పండితుడు గూఢలిపికి ఇదే ధర్మమును విధించెను: పద్ధతి యంతయు శత్రువుచేత పడినను, తాళపుచెవి యొక్కటి దక్కియున్నచో రహస్యము నిలువవలయును. పద్ధతిని దాచి బ్రతుకు తాళము తాళమే కాదని దీని తాత్పర్యము.

జీఎస్‌ఎం విషయమున ఈ ధర్మమే నిజమైనది. 1999లో ఒక ఫోనును విప్పి పరిశోధించినవారివలన ఏ5/1, ఏ5/2ల పూర్తి నిర్మాణము లోకమునకు వెల్లడియైనది. ఎగుమతి తాళమైన ఏ5/2ను ఆ సంవత్సరమే గోల్డుబర్గు, వాగ్నరు మొదలగు పండితులు ఛేదించిరి. తుదకు క్రొత్త ఫోనులలో దానిని పెట్టరాదని పరిశ్రమవారే నిషేధించిరి. ఏ5/1లోని లోపములను 2000లోను, 2003లోను శాస్త్రజ్ఞులు వ్రాసి చూపిరి. కాని వ్యాసములు వ్రాసినంతమాత్రమున కంపెనీలు కదలలేదు. కాగితముమీది లోపము కాగితముమీదనే యుండునని వారు ధైర్యముగా నుండిరి.

ఇచ్చటనే బహిరంగ సాధనముల కథ ఆరంభమగుచున్నది. బహిరంగ సాధనమనగా, దాని మూలపాఠమును ఎవరైనను చదువవచ్చును, నడిపి చూడవచ్చును, తప్పు దిద్దవచ్చును, పదిమందికి పంచవచ్చును. దానినే లోకము ఓపెన్ సోర్సు అనుచున్నది. జర్మనీలో కార్‌స్టెన్ నోల్ అను పరిశోధకుడును ఆతని సహచరులును 2009లో ఏ5/1 తాళమునకు పట్టికలను లెక్కించు పనిని బహిరంగముగా ఆరంభించిరి. సుమారు 2 టెరాబైట్ల యీ పట్టికలను వెదకి చెవిని తీయు క్రాకెన్ అను ప్రోగ్రాము 2010 జులైలో ప్రకటితమైనది. ఆ యేటనే వేరొక స్వచ్ఛంద బృందము ఓస్మోకామ్ అను పేర, చవుకయైన పాత మోటరోలా ఫోనులను పరిశోధన పరికరములుగా మార్చు ప్రోగ్రామును వ్రాసెను. 2010 డిసెంబరులో బెర్లిను సభయందు నోల్, మునో అనువారు అట్టి ఫోనులతోను, ఒక కంప్యూటరుతోను, గాలిలోని సంభాషణను కొద్ది నిమిషములలోనే తెరచి చూపిరి. అంతవరకు ప్రభుత్వములకు, ధనవంతులకు మాత్రమే లభ్యమైన యంత్రము చేయు పనిని, విద్యార్థి కొనగల వస్తువులు చేయగలవని రుజువైనది.

ఫలితమేమి? దేశములు మునిగిపోలేదు, తాళము మారినది. 2013 డిసెంబరులో జర్మనీ దేశపు డాయిషె టెలికోమ్ కంపెనీ తన పాత ఫోను మార్గమునకు ఏ5/3 అను మేలైన గూఢలిపిని అమర్చుచున్నట్లు ప్రకటించినది. పది సంవత్సరముల వ్యాసములు చేయలేని పనిని ఒక బహిరంగ పరీక్ష చేసినది.

మరియొక యుదాహరణమును వినుడు. పాత ఫోనులలో ఇంటర్నెట్టు సమాచారమును కాపాడుటకు జీఈఏ-1 అను గూఢలిపి యుండెడిది. దాని చెవి పొడవు 64 బిట్లని చెప్పిరి. బిట్టు ఒక్కటి పెరిగినకొలది సాధ్యమైన చెవుల సంఖ్య రెట్టింపగును. 2021లో ఐరోపా శాస్త్రజ్ఞులు దానిని శోధించి, నిజమైన బలము 40 బిట్లే యనియు, ఇట్టి లోపము యాదృచ్ఛికముగా కలుగుట దుర్లభమనియు నిరూపించిరి. 24 బిట్ల లోటనగా దొంగ పని 1 కోటి 67 లక్షల రెట్లు తేలికయైనదన్నమాట. ఇరువది సంవత్సరములకు పైగా లోకమంతయు మోసిన తూనికరాయిలో ఇంత డొల్ల యుండెను. ఆ రాతిని పగులగొట్టి చూచినవారు లేకున్నచో మనము నేటికిని దానినే నమ్ముచుందుము.

పాత పద్ధతులు పోయినవి, 4జీ వచ్చినది, ఇక భయమేల యని మీలో నెవరైన అడుగవచ్చును. 4జీ గూఢలిపి గట్టిదే. కాని గట్టి తాళమును పనివాడు తప్పుగా బిగించిన నేమగును? 2020లో జర్మనీ పరిశోధకులు దీనినే చూపిరి. ఒక సంభాషణ ముగిసిన వెంటనే రెండవ సంభాషణ నడచినచో, కొన్ని టవరులు మొదటిదానికి వాడిన గూఢధారనే రెండవదానికిని వాడుచుండెను. రెండవసారి ఫోను చేసి మాటాడినవాడు తన మాటలు తనకు తెలియును గనుక, వానిని తీసివేసి, మునుపే పట్టియుంచిన మొదటి సంభాషణను తెరువవచ్చును. జర్మనీలో వారు పరీక్షించిన 15 టవరులలో 12 ఇట్టివే. వారు మొదట కంపెనీలకు తెలిపిరి. దిద్దుటకు వ్యవధి నిచ్చిరి. పిమ్మట లోకమునకు ప్రకటించి, టవరులను పరీక్షించు మొబైల్ సెంటినెల్ అను బహిరంగ సాధనమును ఉచితముగా విడిచిరి. సజ్జనుడైన పరీక్షకుని నడవడి ఇట్లుండును.

ఇట్లే 2014లో స్నూప్‌స్నిచ్ అను సాధనము, తన ఫోనునకు టవరు ఏ గూఢలిపి నిచ్చుచున్నదో పరీక్షించు వీలును, కొన్ని తరగతుల ఫోనులు గలవారికి కలిగించినది. 2025 మార్చిలో అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషను వారు రేహంటర్ అను సాధనమును ప్రకటించిరి. 20 డాలర్ల లోపు దొరకు ఒక చిన్న ఇంటర్నెట్టు పెట్టెలో దానిని ఎక్కించినచో, దొంగ టవరు ఫోనులను తనవైపు లాగుచున్న జాడలను అది పసిగట్టును. ఇవి త్రాసుపై గుడ్డను తొలగించు సాధనములు.

ఇక ఆక్షేపణకు వత్తము. ఈ సాధనములు దొంగచేతను పడును గదా, వీనిని బహిరంగపరచుట దొంగకు కన్నపుకోల నిచ్చుట కాదా యని పెద్దలు కొందరందురు. ఈ ఆక్షేపణ తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. చెడ్డవాడు వీనిని వాడవచ్చును. లోపము దిద్దని టవరులున్నంతకాలము అపాయము కలదు. కాని యోచింపుడు. దొంగలు బహిరంగ సాధనముల కొరకు వేచియుండలేదు. ధనమున్నవారికి గాలిలోని మాటలను పట్టు యంత్రములను అమ్ము అంగళ్ళు అంతకుముందే యున్నవి. 2010లోనే ఔట్‌లుక్ వారపత్రిక, కంపెనీల ప్రమేయము లేకయే సంభాషణలను పట్టు యంత్రములు మన దేశమున ప్రభుత్వ సంస్థల వాడుకలో నున్నవని వ్రాసినది. 2024లో లండను పోలీసులు, దొంగ టవరుతో వేలకొలది మోసపు సందేశములను పంపిరను నేరముపై మనుష్యులను పట్టుకొనిరి. రహస్యమువలన దొంగ అజ్ఞాని కాలేదు. గృహస్థుడే అజ్ఞానిగా నుండెను. సాధనము బహిరంగమగుటచే క్రొత్తగా జ్ఞానము పొందినవాడు గృహస్థుడు.

మన దేశపు నడవడి యెట్లున్నది? 1885లో ఆంగ్ల ప్రభుత్వము తంతి చట్టమును చేసినది. ప్రజల వార్తలను ఆపి చదువు అధికారమును అందులో తనకుంచుకొన్నది. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటను ఆ చట్టము డెబ్బదియేండ్లకు పైగా నడచి, 2023లో పార్లమెంటు క్రొత్త చట్టమును చేయువరకు నిలిచినది. వార్తలను ఆపు అధికారము క్రొత్త చట్టములోను నిలిచియే యున్నది. ఇంటర్నెట్టు లైసెన్సు నిబంధనలు, 40 బిట్లకు మించిన తాళమును అనుమతి లేక వాడరాదని చాలకాలము శాసించెను. పరదేశీయులు రహస్యముగా డొల్ల చేసిన తాళమును, మనవారు బహిరంగముగా శాసించిన తాళమును ఒకే కొలతకు వచ్చుట ఎంత చిత్రము! 2015 సెప్టెంబరులో ప్రభుత్వమువారు ఒక గూఢలిపి విధానపు ముసాయిదాను ప్రకటించి, పౌరుడు తన సందేశముల అసలు పాఠమును 90 దినములు దాచియుంచి అడిగినపుడు చూపవలెననిరి. ప్రజలు గగ్గోలు పెట్టగా కొద్ది దినములలోనే దానిని ఉపసంహరించిరి. ప్రజాభిప్రాయము మేల్కొనియున్నచో ఏమి చేయగలదో దీనివలన తెలియుచున్నది.

పరీక్షకుని మనము చూచిన తీరుకు హైదరాబాదు కథ యొకటి సాక్షి. అది ఫోను కథ కాదు, ఓటు యంత్రపు కథ, కాని ధర్మమొక్కటే. 2010లో హైదరాబాదువాసియగు హరిప్రసాదుగారు, అమెరికా ఆచార్యుడు హాల్డర్‌మన్, హాలెండు పరిశోధకుడు గోన్‌గ్రిప్ అనువారితో కలిసి, ఒక ఓటు యంత్రమును విప్పి అందలి లోపములని తాము తలంచినవానిని ప్రదర్శించిరి. ఆ యంత్రము తమకెవరిచ్చిరో చెప్పుటకు హరిప్రసాదుగారు నిరాకరింపగా, యంత్రపు దొంగతనము కేసులో ఆ ఆగస్టులో ఆయనను నిర్బంధించిరి. పిమ్మట బెయిలు నిచ్చిరి. ఆ యేటనే విదేశమున ఆయనకు సన్మానము జరిగినది. మన యంత్రములు సురక్షితములని ఎన్నికల సంఘమువారి వాదము. ఆ వివాదమును మేమిచ్చట తీర్చబోము. యంత్రము చేతికి వచ్చిన మార్గమును చట్టము విచారించుటయు సహజమే. కాని లోపము కలదన్నవానికి మొదట ఎదురైనది పరీక్షశాల కాక పోలీసుఠాణా యగుట మా మనస్సును నొప్పించుచున్నది. 2013లో సుప్రీముకోర్టు ఓటునకు కాగితపు సాక్ష్యము నుంచవలెనని చెప్పినది. ప్రశ్న వ్యర్థము కాలేదన్నమాట.

ఒక మాటను దాచక చెప్పవలయును. గాలిలోని తాళమెంత గట్టిదైనను, టవరు దాటిన పిమ్మట మాట కంపెనీవారి యంత్రములలో తెరచియే యుండును. అచ్చట చెవి యొగ్గువానిని ఈ తాళము ఆపజాలదు. అక్కడ కావలసినది చట్టమను తాళము. ఫోనులు వినుట పౌరుని ఏకాంతమును భంగపరచుటయే యని సుప్రీముకోర్టు 1996లో నిర్ణయించి నియమములు విధించినది; 2017లో ఏకాంతము ప్రాథమికహక్కని తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగా పలికిరి. ఐనను 2024 మార్చిలో హైదరాబాదునందు, గూఢచారి శాఖవారే అక్రమముగా ఫోనులు వినిరనియు, ఆధారములను ధ్వంసము చేసిరనియు కేసు నమోదైనది. దోషనిర్ణయము న్యాయస్థానముల పని. మేము తీర్పు చెప్పము. అట్లే పెగాసస్ అను చొరబాటు ప్రోగ్రాము విషయమున, మన తెలుగువారగు నూతలపాటి వేంకటరమణగారు ప్రధాన న్యాయమూర్తిగా నున్నపుడు, 2021 అక్టోబరు 27వ తేదీన సుప్రీముకోర్టు నిపుణుల సంఘమును నియమించినది. ఆ సంవత్సరము జులైలోనే ఆమ్నెస్టీవారు తమ ఫోను పరీక్ష సాధనమును బహిరంగముగా విడిచియుండిరి. చట్టమును, బహిరంగ పరీక్షయు జోడెడ్లు. ఒకటి లేక రెండవది బండి లాగలేదు.

యువకులారా, మీకొక హెచ్చరిక. పరుల సంభాషణను వినుట పరీక్ష కాదు, నేరము, నీచము. 2023 చట్టము ప్రకారము అక్రమముగా వార్తలను పట్టినవానికి మూడేండ్లవరకు ఖైదు, రెండు కోట్ల రూపాయలవరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. మీ సొంత ఫోనును, అనుమతి గల పరీక్షశాలను, తరంగము బయటికి పోని గదిని మాత్రమే వాడుడు. లోపము కనబడినచో మొదట కంపెనీకిని, భారత ప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థకును తెలుపుడు. దిద్దుటకు వ్యవధి నిండు. చాటుననుండి చూచువాడు దొంగ; చూచినదానిని యజమానికి చెప్పువాడు మిత్రుడు.

ప్రభుత్వమును మనము కోరవలసినవి మూడు. సద్బుద్ధితో లోపమును కనిపెట్టి తెలిపిన పరీక్షకుని శిక్షకు లోను చేయకుండ స్పష్టమైన రక్షణ నిబంధన కావలయును. ఫోను కంపెనీల అంతర్జాతీయ సంఘమే 2017 నుండి లోపములు తెలుపువారికి ద్వారము తెరచి, వారి పేర్లను గౌరవపట్టికలో వ్రాయుచున్నది. కంపెనీలు గౌరవించినవానిని రాజ్యము భయపెట్టుట తగునా? రెండవది, ప్రతి కంపెనీయు తన టవరులలో ఏ గూఢలిపి వాడుచున్నదో జిల్లాలవారిగా ప్రకటింపవలయును. మూడవది, మన విశ్వవిద్యాలయములలోను, ఇంజనీరింగు కళాశాలలలోను ఈ బహిరంగ సాధనములతో విద్యాభ్యాసము జరుగవలయును. పరదేశీయుడు పరీక్షించి చెప్పువరకు మన తాళము సంగతి మనకు తెలియకుండుట స్వరాజ్యము కాదు.

ఇంటికి పోయి చేయదగినది కూడ కలదు. దొంగ టవరు చేయు మొదటి పని, ఫోనును 2జీ మార్గమునకు దిగలాగుట. 2021 తరువాతి ఆండ్రాయిడ్ ఫోనులు పెక్కింటిలో 2జీని మూసివేయు మీట కలదు. ఐఫోనులో 2023 నుండి లాక్‌డౌన్ పద్ధతి నుంచుకొన్నచో 2జీ మూతపడును. 4జీ అందు చోట దానిని మూయుడు. బ్యాంకు రహస్యసంఖ్యను ఎవరడిగినను చెప్పకుడు. మీట ఫోను మాత్రమే గల ముసలివారికి ఈ మీట లేదు. ఆ ఫోనే వారికాధారము. అట్టివారి ఆపదకు కంపెనీవారే బాధ్యులు, మాటాడవలసినవారము మనము.

సోదరులారా! 1930లో ఈ దేశపు ప్రజలు చిటికెడు ఉప్పు నెత్తినది ఉప్పు కొరత తీర్చుకొనుటకు కాదు. మన సముద్రము, మన యెండ, మన చేయి చేసినదానిపై పరుల ముద్ర యేల యని అడుగుటకు. మన నోటి మాట ఉప్పుకంటె మనదైనది. దానికి వేసిన తాళమును చూచెదము, త్రిప్పెదము, పరీక్షించెదమనుట ధిక్కారము కాదు, గృహస్థధర్మము. త్రాసుపై గుడ్డను తొలగింపుమని అడుగుడు. తూకము సరియైనదేని వర్తకునికి నష్టము లేదు. సరికానిదేని, గుడ్డ యెవరి మేలు కొరకు కప్పబడెనో నాడే తెలియును.